విద్యార్థికి బదులు పలుకువారెవరు?

మన దేశమున ఆన్‌లైన్ ఉన్నతవిద్యకు ప్రధాన వాహికయైన ‘స్వయం’ను 2017 జులై 9వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రారంభించినప్పుడు, అందలి ప్రతి కోర్సును నాలుగు భాగములుగ నిర్మింపవలెనను నియమమును పెట్టుకొన్నది: మొదటిది వీడియో ఉపన్యాసము, రెండవది దింపుకొని చదువుకొనుటకు అనువైన పాఠ్యసామగ్రి, మూడవది విద్యార్థి తన్ను తాను పరీక్షించుకొను ప్రశ్నావళి, నాలుగవది సందేహములను అడిగి తీర్చుకొనుటకు ఉద్దేశింపబడిన చర్చావేదిక. మొదటి మూడింటిని ఒక్కమారు శ్రద్ధతో సిద్ధము చేసి భద్రపఱచినచో ఏండ్ల తరబడి లక్షలమందికి అందింపవచ్చును. నాలుగవది అట్టిది కాదు. అడిగినవానికి అడిగిన దినముననో మఱునాడో బదులు పలుకువారొకరు, కోర్సు నడచినంత కాలము అచ్చట మేల్కొనియుండవలెను. చిత్రీకరణకు స్టూడియోయు, ఉపన్యాసమునకు ఆచార్యుడును, పరీక్షకు కేంద్రమును ఏర్పడుచుండగా, బదులు పలుకు పని మాత్రము పెక్కు కోర్సులలో తీరిక దొరకినవారి దయాదాక్షిణ్యములకు విడువబడుచున్నది. ఆన్‌లైన్ విద్యార్థి ఒంటరియగుచున్నాడను ఫిర్యాదు తెఱలో పుట్టినది కాదు, బదులు పలుకువారిని లెక్కలో చేర్పని ఈ ఏర్పాటులో పుట్టినది. కావున దాని చికిత్సను కూడ ఇచ్చటనే వెదకవలెను.

ఈ విషయమున తొలి హెచ్చరిక 2012లోనే వెలువడినది. అమెరికాలోని ఎం.ఐ.టి. ఆ యేడు విద్యుద్వలయములను, ఎలక్ట్రానిక్సును బోధించు కోర్సునొకదానిని లోకమునందలి వారందఱికిని ఉచితముగ తెఱచి పెట్టగా 1,54,763 మంది పేర్లు నమోదు చేసికొనిరి. తుదకు ధ్రువపత్రమును పొందినవారు 7,157 మంది. పేరిచ్చినవారందఱును చదువుటకే వచ్చిరని చెప్పరాదు. వేడుక చూచి మరలినవారు వారిలో పెక్కండ్రు. కావున నూటికి అయిదుగురైనను మిగులలేదను లెక్క నొక్కదానినే చూచి ఆ ప్రయత్నము విఫలమైనదనుట న్యాయము కాదు. అయితే ఆ కోర్సుపై తరువాత జరిగిన పరిశోధనలో రెండు సంగతులు బయటపడినవి. మొత్తము విద్యార్థులలో చర్చావేదికపై నోరు విప్పినవారు నూటికి ముగ్గురు మాత్రమే కాగా, ధ్రువపత్రమును పొందినవారిలో సగమునకు మించినవారు అచ్చట ఏదో యొక రూపమున పాల్గొనిరి. తక్కిన అంశములన్నియు సమానములైనప్పుడు, తెఱకు వెలుపల తోటి విద్యార్థితోనో విషయమెఱిగిన మఱియొకరితోనో కలిసి చదివినవానికి, ఒంటరిగ చదివినవానికంటె ఇంచుమించు మూడు మార్కులు అధికముగ రావచ్చునని పరిశోధకులు లెక్కగట్టిరి. శ్రద్ధ గలవారే మాటలాడుదురా, మాటలాడుటచే శ్రద్ధ కలుగునా యను చిక్కు ఈ లెక్కలతో విడునది కాదు. ఐనను, లక్షన్నర మందికి ఒకే ఉపన్యాసము ఒకే తీరున అందిన చోట, ముందుకు సాగినవానికిని నడుమ ఆగినవానికిని గల భేదములలో తోడు అనునది యొకటియని మాత్రము దీనివలన తేటపడినది.

దూరవిద్యా చరిత్ర నెఱిగినవారికి ఇది వింతగ తోపదు. 19వ శతాబ్ది నడిమికాలమున ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ తన సంక్షిప్తలిపిని తపాలా మూలమున నేర్పినప్పుడు, శిష్యులు వ్రాసి పంపిన అభ్యాసములను దిద్ది తిరిగి పంపుటయే ఆ విద్యకు ప్రాణముగ నుండెను. 1969లో రాజశాసనమును పొంది, 1971లో తొలి విద్యార్థులను చేర్చుకొన్న బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీని లోకము బి.బి.సి. ప్రసారముల విశ్వవిద్యాలయముగ జ్ఞాపకముంచుకొన్నది గాని, దానిని నిలబెట్టినవారు వేర్వేరు ఊళ్ళనుండి పనిచేసిన ట్యూటర్లు. విద్యార్థి వ్రాసి పంపిన వ్యాసముపై మార్కు వేసి ఊరకుండక, తర్కము ఎక్కడ తెగినదో, ఏ భాగమును మరల చదువవలెనో వివరముగ వ్రాసి పంపుట కూడ బోధనయే యని ఆ సంస్థ మొదటినుండియు ఎంచినది, దానికి వేతనమిచ్చినది, వేసవిలో వారము దినములు విద్యార్థులు ఒకచోట కూడి చదువుకొనుటకు వసతి పాఠశాలలను నడపినది.

మన యెడ కూడ పునాది బలహీనమైనది కాదు. 1982 ఆగస్టు 26న హైదరాబాదున, దేశమున మొట్టమొదటిదిగ, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము అదియే. దాని తొలి ఉపకులపతియైన ఆచార్య జి. రాంరెడ్డి, అటుపిమ్మట 1985లో ఢిల్లీలో నెలకొన్న ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపకులపతి యయ్యెను. చిన్ననాట బడి మానినవాడైనను నిర్ణీత వయస్సు నిండి అర్హతా పరీక్షలో నెగ్గినచో డిగ్రీలో చేరవచ్చునను సాహసోపేతమైన నియమమును హైదరాబాదు సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రవేశపెట్టినది. ఉద్యోగ పరీక్షలకు కూర్చుండువారు నేటికిని వెదకి చదువుకొను తెలుగు పాఠ్యగ్రంథములను ప్రకటించినది. అయితే ఆ గ్రంథములను ఇంటికి పంపి తన పని తీరినదని అది భావింపలేదు. ఊరూర ఉన్న కళాశాలలనే అధ్యయన కేంద్రములుగ చేసికొని, సెలవు దినములలో కౌన్సెలర్లచేత తరగతులను నడపించినది. పగలంతయు ఉద్యోగమో ఇంటిపనియో చేసికొని, రాత్రి దీపము క్రింద పుస్తకము తెఱచు మనిషికి ఆ ఆదివారపు తరగతి ఇచ్చినది విషయజ్ఞానము మాత్రమే కాదు. తనవంటివారు మఱి నలువదిమంది ఉన్నారనియు, తాను రాకున్నచో ఎవరో ఒకరు అడుగుదురనియు కలిగిన ధైర్యము కూడ.

2020లో మహమ్మారి బడుల తలుపులు మూసినప్పుడు ఈ పాఠమును మనము మరల నేర్చుకొనవలసి వచ్చినది. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమున పల్లె కుటుంబములలో ఇంటర్నెట్ సౌకర్యము గలవి నూటికి పదునైదు మాత్రమే, పట్టణములలో నలువదిరెండు. అట్టి స్థితిలో తెలంగాణ ప్రభుత్వము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానెళ్ళ ద్వారా పాఠములను ప్రసారము చేయుట వివేకముతో కూడిన నిర్ణయమే. కాని టెలివిజను చెప్పగలదు గాని అడుగలేదు; వినుచున్న బాలుడు అర్థము చేసికొనుచున్నాడో, బొమ్మను చూచుచు నిదురపోవుచున్నాడో ఎఱుగలేదు. ఆ వెలితిని పూడ్పగలిగినంత మేర పూడ్చినవారు, ఇంటింటికి ఫోను చేసియు, వర్క్‌షీట్లను వాట్సాపులో తెప్పించుకొని దిద్దియు పాటుపడిన ఉపాధ్యాయులు. పాఠమును చేరవేయుట వేఱు, విద్యార్థిని చేరుకొనుట వేఱు అని ఆ యేడు బోధించినది.

విద్యార్థిని చేరుకొనవలెనన్నచో దూరమనగా ఏమో మొదట నిర్ణయించుకొనవలెను. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో దూరవిద్యా శాస్త్రమును పెంపొందించిన మైకేల్ మూర్ సిద్ధాంతము ప్రకారము, గురుశిష్యుల నడుమ గల దూరము మైళ్ళతో కొలువదగినది కాదు; వారి నడుమ సంభాషణ ఎంత సాగుచున్నది, పాఠ్యక్రమము విద్యార్థి అవసరమును బట్టి ఎంత వంగుచున్నది, తన చదువును తాను నడపుకొను శక్తి విద్యార్థికి ఎంత కలదు అను మూడింటి మేళవింపును బట్టి అది పెరుగును, తఱుగును. ఈ దృష్టితో చూచినచో, కార్పొరేట్ జూనియర్ కళాశాలలో నూఱుమంది గల సెక్షనున చివరి బల్లపై కూర్చుండి, ఏడాది పొడుగున ఒక్క ప్రశ్నయైన అడుగక, ఒక్కమారైన పేరుతో పిలువబడక వెలువడు బాలుడు దూరవిద్యార్థియే. అరకు కొండలలో ఫోనుపై చదువుచు, తన తప్పును గుఱించి ట్యూటరు వ్రాసిన నాలుగు పంక్తులను వారము వారము అందుకొను బాలిక గురువునకు దగ్గఱగనే యున్నది.

అట్లని మాటలు పెరిగినంతనే సాన్నిహిత్యము పెరుగునని తలంపరాదు. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన గారిసన్, ఆండర్సన్, ఆర్చర్ అనువారు 2000లో ప్రతిపాదించిన నమూనాలో మూడు సాన్నిధ్యములు చెప్పబడినవి: తెఱకు ఆవలివారు నిజమైన మనుష్యులుగ అనుభవమునకు వచ్చుట మొదటిది, కూడి ప్రశ్నించి, వాదించి, అర్థమును సాధించుట రెండవది, ఈ రెండింటిని ఉద్దేశపూర్వకముగ తీర్చిదిద్ది నడపు బోధకుని సాన్నిధ్యము మూడవది. సంభాషణ యొక్కటియే చాలదనియు, దానిని రూపొందించి నడపువారు లేనిచో ఆలోచన లోతునకు పోదనియు గారిసన్ 2005లో క్లీవ్‌లాండ్-ఇన్నెస్‌తో కలిసి ప్రకటించిన అధ్యయనము స్థాపించినది. ప్రతి ఉదయము పువ్వుల బొమ్మలతో ‘గుడ్ మార్నింగ్’ సందేశములు వెల్లువెత్తు క్లాసు వాట్సాప్ గ్రూపులో, ఒక లెక్క ఎట్లు చేయవలెనని అడిగినవానికి మూడు దినములైనను బదులు లేకుండుటను చూచినవారికి ఈ సూక్ష్మమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱి నడపువారి పని యేమి? మొదటిది, విద్యార్థిని ఎఱుగుట; అది తొలి రెండు వారములలో అధికముగ నుండును. ఏలయన కోర్సును విడిచిపోవువారిలో పెక్కండ్రు ఎవరికిని చెప్పక ఆ తొలినాళ్ళలోనే జాఱిపోవుదురు. ఎందుకు చేరితివి, వారమున ఎన్ని గంటలు కేటాయింపగలవు, చదువునది ల్యాప్‌టాపులోనా ఫోనులోనా, నెట్ ఏ వేళ నిలుకడగ నుండును అని ప్రతివానిని ఒక్కమారు అడిగి వ్రాసియుంచుకొనుట. మార్కుల భయము లేని చిన్న పని నొకదానిని మొదటి వారముననే చేయించి, దానికి పేరు పెట్టి పిలిచి బదులిచ్చుట. పది దినములలో ఒక్కమారైన లోనికి రానివానికి యంత్రము పంపు హెచ్చరిక కాక మనిషి చేయు ఫోను వెళ్ళునట్లు చూచుట: ఇవి యన్నియు చిన్న పనులే. ఆ ఫోనులో బయటపడు కారణములు కూడ తఱచు చిన్నవే: నాట్లు పడినవి, షిఫ్టు మాఱినది, డేటా అయిపోయినది, మొదటి క్విజ్‌లో సున్న వచ్చి సిగ్గుపడినాడు. కారణము చిన్నదిగ నున్నప్పుడే దానికి ఉపాయము చెప్పవచ్చును. నెల గడచిన పిదప అదియే పెద్దదై, చదువు నాకు రాదను నిశ్చయముగ మాఱును.

రెండవది, బదులు యొక్క గుణము. అసైన్‌మెంటు క్రింద ‘గుడ్’ అనియో ‘ఇంకా బాగా వ్రాయవలెను’ అనియో వ్రాయుట బదులు కాదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థి తరుగుదల లెక్కలో తప్పినాడనుకొందము: “నీ గుణకారములు సరియైనవే, కాని ప్రశ్న తగ్గుతున్న నిల్వల పద్ధతిని అడుగగా, నీవు రెండవ సంవత్సరమున కూడ అసలు ఖరీదుపైననే శాతము కట్టి స్థిర వాయిదాల పద్ధతిని అనుసరించితివి, ఆ ఒక్క మెట్టును మార్చి మరల పంపుము” అని వ్రాసినచో, తన కాగితమును ఎవరో మొదటినుండి తుదివరకు చదివిరని అతడు గ్రహించును. ఆప్యాయత అనునది ఇట్టి చోట ప్రత్యేకముగ ప్రదర్శింపవలసిన గుణము కాదు; శ్రద్ధగ చదివిన జాడ కనబడుటయే ఆప్యాయత. మఱియు బదులు వచ్చు వేళ ముందే తెలిసియుండవలెను. రెండు దినములలో వచ్చునని చెప్పి రెండు దినములలో వచ్చు బదులు, ఒకనాడు అయిదు నిమిషములలోను ఒకనాడు అయిదు వారములకును వచ్చు బదులుకంటె మేలు.

మూడవది, ఊరకుండ గలుగుట. ప్రశ్న వచ్చినదే తడవుగ సర్వజ్ఞునివలె సమాధానమును కుమ్మరించు మెంటారు, తెలియకయే తోటి విద్యార్థుల నోళ్ళు మూయుచున్నాడు. కొంత వ్యవధినిచ్చి, మఱియొక విద్యార్థి చెప్పిన అరకొఱ సమాధానమును నిలబెట్టి, దానికి కావలసిన చేర్పును మాత్రము చేయుట నేర్పుతో కూడిన పని. లైవ్ క్లాసులో “అర్థమైనదా?” అని అడుగుట వ్యర్థము, అందఱును “యెస్ సర్” అందురు. “ఈ రెండింటిలో ఏది తప్పు, ఎందుకు?” అని అడిగి చాట్‌లో వ్రాయమన్నచో, అర్థము కానిచోటు తానై బయటపడును.

తోటివారివలన నేర్చుకొనుట మనకు అరువు తెచ్చుకొన్న విద్య కాదు. మన వీధిబడులలో పెద్ద పిల్లలు చిన్న పిల్లలచేత ఇసుకలో అక్షరములు దిద్దించుచుండిరి. 1790ల కాలమున చెన్నపట్టణపు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమును నడపిన ఆండ్రూ బెల్ ఈ దేశీయ పద్ధతిని అచ్చట ప్రయోగించి, 1797లో ఇంగ్లండున గ్రంథరూపమున ప్రకటింపగా, ‘మద్రాసు పద్ధతి’ యను పేర అది పశ్చిమమున వ్యాపించెను. తెలుగు, కన్నడ బడులు గల బళ్ళారి జిల్లాకు కలెక్టరుగ నున్న క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో, ఆ బడుల లోపములను నిర్మొగమాటముగ ఎత్తిచూపుచునే, ముందు నేర్చినవారిచేత వెనుకబడినవారికి నేర్పించు ఈ ఏర్పాటును ప్రశంసించెను. హైదరాబాదు అమీర్‌పేటలోని సాఫ్ట్‌వేరు శిక్షణ సంస్థలు ఆన్‌లైనునకు మఱలినను ‘బ్యాచ్’ అను దానిని విడువకపోవుట కూడ ఈ వివేకమునకు చెందినదే: ఒక తేదీన మొదలై, ఒకే జట్టుగ సాగి, కోర్సు ముగిసిన పిదప కూడ ఇంటర్వ్యూ ప్రశ్నలను పంచుకొను పదిమంది సహవాసము, ఎవరికి తీరినప్పుడు వారు చూచుకొను రికార్డింగులకు లేని బలమును ఇచ్చును. 2021లో తొలి జట్టుతో ఆరంభమైన ఐ.ఐ.టి. మద్రాసు ఆన్‌లైన్ డిగ్రీలో విద్యార్థులను అడవుల పేర్లు గల ‘హౌసు’లుగ విభజించిరి, వానిలో ఒకటి మన నల్లమల. పరీక్షలకు కేంద్రములకు స్వయముగ వచ్చుట, ఏటేట చెన్నై ఆవరణమున ఉత్సవమునకు కూడుట, వేలమంది గల చదువులో ఒక చిన్న గుంపు తనదని చెప్పుకొనుట, ఇవి పాఠ్యాంశములు కావు. కాని పాఠ్యాంశములను పట్టి నిలుపు కట్లు.

తెలుగు విద్యార్థి విషయమున మఱియొక అడ్డు కలదు, అది భాష. తెలుగు మాధ్యమమున చదివి ఇంజనీరింగునకు వచ్చినవాడు ఆంగ్లోపన్యాసమును రెండు మూడు మార్లు విని అర్థము చేసికొనగలడు. కాని ఆంగ్లమున ప్రశ్న వ్రాయవలసి వచ్చినప్పుడు, వ్యాకరణమును చూచి ఎవరేమి తలంతురో యని వెనుకాడి మౌనము వహించును. ఆ మౌనమును ఉదాసీనతగ లెక్కించుట పొరపాటు. తెలుగులోనో, తెలుగు ఆంగ్లము కలిపియో, లేక వాయిస్ మెసేజ్ రూపముననో సందేహమును అడుగవచ్చునని మొదటి దినముననే చెప్పి, తామును అట్లే బదులిచ్చినచో, అంతవఱకు మూగవారనుకొన్నవారు అనేకులు నోరు విప్పుదురు. ఇందులకు కొత్త సాఫ్ట్‌వేరు అక్కఱలేదు.

అనుబంధమను పేర బలవంతము జరుగరాదని కూడ చెప్పవలసియున్నది. కెమెరా తెఱచినగాని హాజరు వేయమను నిబంధన, ఒకే గదిలో నలుగురు కాపురముండు ఇంటిని పదిమంది కన్నుల ముందుంచును. వారమునకు రెండు వ్యాఖ్యలు వ్రాసినగాని మార్కులీయమను నిబంధన, “నేను కూడ ఏకీభవించుచున్నాను” అను వాక్యములను గుట్టలుగ పోయును. ఉద్యోగము చేయుచు తనకు వలసిన రెండు పాఠములను చూచి పోవు నడివయసు మనిషి తోడును కోరకపోవచ్చును. ఏకాంతముగ చదువుకొను హక్కు అతనికి కలదు. మనము కోరవలసినది అందఱును మాటలాడవలెనని కాదు, మాటలాడ దలచినవానికి వినువారుండవలెనని.

ఇంతమందికి ఇంత శ్రద్ధ చూపుటకు ధనమెక్కడిదను ఆక్షేపణము రాక మానదు. విద్యను చౌకగ విస్తరింపజేయుటయే ఆన్‌లైను ఉద్దేశము కదా యందురు. ఆ వాదములో సత్యము కలదు. పాఠ్యనిర్మాణ వ్యయము లక్షలమందిపై పంచబడి తలకు కొద్ది నాణెములే పడును. కాని ఆ ఆదా ఎచ్చటికి పోవలెనను ప్రశ్నకు ఆ వాదము బదులు చెప్పదు. రికార్డింగులో ఆదా అయిన ధనమును మనుష్యులపై వెచ్చించినప్పుడే, చౌకయైన చదువు పూర్తియైన చదువు కాగలదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021 నిబంధనలలో, ఒక సెమిస్టరులోని కోర్సులలో నూటికి నలువది వఱకు ‘స్వయం’ ద్వారా చదువుటకు అనుమతించినది. ఇంత భాగమును అప్పగించుచున్న కళాశాలలు, ఆ మేరకు తమ బాధ్యత తీరిపోయినదని తలంపరాదు. ‘స్వయం’లో ఇంజనీరింగు కోర్సుల నందించు ఎన్.పి.టి.ఇ.ఎల్.కు లోకల్ చాప్టరులు గల మన ఇంజనీరింగు కళాశాలలలో మెంటారు పని నమోదుల సంఖ్యను పెంచుటతోను, పరీక్ష ఫీజు గడువును జ్ఞాపకము చేయుటతోను ముగియరాదు. వారమునకు ఒక గంట, ఒక గదిలో, ఆ కోర్సు చదువుచున్నవారు కూడుకొనునట్లు టైంటేబులులోనే చోటు కల్పించి, దానిని అధ్యాపకుని పనిగంటలలో చేర్పవలెను. ఒక్క మెంటారునకు ముప్పది నలువది మందికి మించి అప్పగింపరాదను హద్దు నేర్పఱుపవలెను. సార్వత్రిక విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రములను, ఏ సంస్థ కోర్సు చదువువారైనను వచ్చి కూర్చుండి సందేహము తీర్చుకొను స్థలములుగ తెఱువవలెను.

అన్నిటికంటె ముఖ్యముగ, ప్రతి ఆన్‌లైన్ సంస్థయు చేరినవారి సంఖ్యను ప్రకటించినట్లే, అడుగబడిన ప్రశ్నలెన్ని, వానిలో బదులు పొందినవెన్ని, ఎన్ని దినములలో పొందినవి అను లెక్కను కూడ ఏటేట ప్రకటింపవలెను. నేడు చేరికల సంఖ్య మాత్రమే కీర్తిని తెచ్చుచున్నందున సంస్థలు చేరికలపై ధనమును వెచ్చించుచున్నవి. బదులు లెక్క బహిరంగమైననాడు, దానిని బట్టి తల్లిదండ్రులును విద్యార్థులును ఎన్నుకొనగలుగుదురు, నిధులిచ్చు ప్రభుత్వము ప్రశ్నింపగలుగును; అప్పుడు బదులు పలుకువారిని నియమించుట సంస్థలకు ఔదార్యము కాక అవసరమగును.